ఏ మందని ముందు అడగాలి

శుక్రవారం సాయంత్రం నాలుగూ పదికి మా శిక్షణ కేంద్రం వరండా కడుగుతున్నారు. మాకు శనివారం సబ్బాతు, అంటే విశ్రాంతి దినం. అది శుక్రవారం పొద్దుగుంకగానే మొదలవుతుంది కాబట్టి వంట, ఊడ్చడం, కడగడం అన్నీ ఆలోపే ముగించాలి. వరండా కడగడం ప్రతి శుక్రవారం ఆ వేళకు జరిగే పనే. అప్పుడే గేటు దగ్గర ఒక ఎడ్లబండి ఆగింది. బండిలో ఏసోబు అనే కూలీ పడుకుని ఉన్నాడు. పక్కన అతని భార్య సువార్తమ్మ. ఆమె దిగి, చీపురు పట్టుకుని ఉన్న విద్యార్థితో, "మందు కొట్టొచ్చి పడిపోయాడయ్యా, కాస్త చూడండి" అంది.

ఆ మాటను మా విద్యార్థి ఎలా విన్నాడు, దాన్ని మా పెద్దలు ఏం చేశారు అన్నది రాయడానికి కూర్చున్నాను.

నేను నర్సింగ్ ట్యూటర్‌ని. తొంభైల చివర్లో, అడ్వెంటిస్టు క్రైస్తవ సంఘాల నుంచి వచ్చే యువతీయువకులను పల్లెల్లో వైద్య సేవకులుగా తయారుచేసే శిక్షణ రూపొందించమని నన్ను నియమించారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప ఊళ్లు మా పరిధి. రిటైరయ్యేదాకా అదే పని చేశాను. ఇప్పుడు ఇలాంటి పనిలోకి వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఎవరెప్పుడు ఏ పదవిలో ఉన్నారో రాయను, దానివల్ల మీకు ఉపయోగం లేదు. కోపం చల్లారాక రాద్దామని చాలాకాలం ఆగాను. చల్లారలేదు. పోయిన వేసవిలో సువార్తమ్మ కూడా చనిపోయింది. ఇక ఆగడానికి కారణం కనిపించలేదు.

కారం మానమన్న ప్రసంగం

నేను చేరేనాటికే పాఠాలు సిద్ధంగా ఉన్నాయి. చలిదేశాల్లో ఎవరో రాసినవాటిని తెలుగులోకి మార్చారు. వాటిలో చెడ్డవి లేవు. మంచినీళ్లు, ఎండ, నిద్ర, శాకాహారం, వేడినీళ్ల కాపడం, చన్నీళ్ల తుడుపు, పొగాకు వద్దు, మద్యం వద్దు. కాపడంతో నడుము నొప్పి తగ్గిన ముసలమ్మలను నేనే చూశాను. వాటిని వెక్కిరించేవాళ్లతో ఇప్పటికీ వాదిస్తాను. నా కోపం ఆ పాఠాల మీద కాదు. ఎవరికి చెబుతున్నామో చూడకుండా చెప్పించినవాళ్ల మీద.

మొదటి బ్యాచిలో విజయకుమార్ అని ఒకడుండేవాడు. వేటపాలెం వాడు. తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొట్టేది. జీడి రసానికి ఆమె వేళ్లు నల్లబడి ఉండేవి. వాళ్లింట్లో మూడు తరాలుగా అందరూ సంఘస్థులే. మంచి గొంతు, మంచి మనసు, చెప్పింది చెప్పినట్టు నేర్చుకునే బుద్ధి. అతన్ని ఒకసారి ప్రత్తిపాడు దగ్గర మిరపకాయల కల్లానికి ఆరోగ్య ప్రసంగానికి పంపారు. అక్కడ ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయలకు తొడిమలు తీస్తున్నారు. ఇతను పుస్తకంలో ఉన్నట్టే మసాలాలు, కారం శరీరానికి మంచివి కావని మొదలుపెట్టాడు.

"కారం మానేస్తే అన్నంలో ఏం కలుపుకోమంటావు నాయనా, నీ ప్రసంగమా?" అంది ఒకామె.

"టీ కూడా తాగకూడదంటగా. మరి మధ్యాహ్నం మాకు నిద్రొస్తే నువ్వొచ్చి తొడిమలు తీస్తావా?" అంది ఇంకొకామె.

"తీస్తాడులేవే, చేతులు చూడు ఎంత తెల్లగా ఉన్నాయో. సాయంత్రానికి ఎర్రబడతాయి."

విజయకుమార్ నవ్వుతూనే వచ్చి నాకిదంతా చెప్పాడు. "మేడం, వాళ్లు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. నా ప్రసంగానికేమో అనుకున్నాను" అన్నాడు.

"కళ్లు ఎందుకు మండుతున్నాయో, రాత్రికి దగ్గు వస్తోందో లేదో అడిగావా?"

"అది పాఠంలో లేదు మేడం."

నిజమే, లేదు. అందుకే నేను తయారుచేసిన ప్రణాళికలో మొదటి మూడు నెలలు పుస్తకం తెరవకూడదని రాశాను. విద్యార్థులు కల్లాల్లో, పత్తి చేలలో, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కూలీల పక్కన ఉండాలి. ముఖ్యంగా పత్తికి పురుగుమందు కొట్టే నెలల్లో. ఆ సంవత్సరాల్లో పచ్చపురుగు ఏ మందుకూ లొంగేది కాదు. రైతులు రెండు మూడు మందులు కలిపి కొట్టించేవారు. మందు కొట్టే కూలీ చొక్కా విప్పి, చెప్పుల్లేకుండా, వీపున పంపు వేసుకుని రోజంతా ఆ తుంపరలో నడిచేవాడు.

మా డైరెక్టర్ పాస్టరు. ఆయన పేరు రాయను. ఆయన నా ప్రణాళిక చదివి, "వీళ్లు సేవకులా, కూలీలా సిస్టర్?" అన్నారు. పొలం నెలలు కొట్టేసి ఆ స్థానంలో మద్యపాన నిషేధ పాఠాలు పెట్టారు. వారాల తరబడి ఆ పాఠాలే. తాగినవాడు ఎలా తూలుతాడు, ఎలా వాంతి చేసుకుంటాడు, మాట ఎలా ముద్దగా వస్తుంది, అతనికి వేడి కాపడం ఎలా పెట్టాలి. విద్యార్థులు అవి బాగా నేర్చుకున్నారు. అవి ముగిసిన వారమే ఆ శుక్రవారం వచ్చింది.

చీపురు పట్టుకున్న విద్యార్థి

ఆ చీపురు పట్టుకుని ఉన్నది విజయకుమారే. నేను మందులు కొనడానికి గుంటూరు వెళ్లాను. అక్కడ ఏం మాట్లాడుకున్నారో తర్వాత అతనూ చెప్పాడు, సువార్తమ్మా చెప్పింది. ఇద్దరి మాటా ఒక్కటే.

"ఎంత కొట్టాడమ్మా?" అని అడిగాడు విజయకుమార్.

"పొద్దున్నుంచీ కొడతానే ఉన్నాడయ్యా. ఎండలో వద్దన్నా వినలా. ఇవాళే అయిపోవాలన్నాడు."

"ఇవాళే ఎందుకు?"

"రేపు సబ్బాతు కదయ్యా."

సముద్రం ఒడ్డు ఊరివాడికి, పత్తి చేను ఎరగనివాడికి, మందు అంటే జ్వరానికి వేసే బిళ్ల, లేకపోతే సారా. మందు కొట్టాడు అంటే తాగాడని ఒక్కటే అర్థం. కనీసం సబ్బాతున తాగకూడదని శుక్రవారమే కడుపునిండా తాగేశాడనుకున్నాడు. ఏసోబు తూలుతున్నాడు, నోటి నుంచి చొంగ కారుతోంది, వాంతి చేసుకున్నాడు, చెమటతో తడిసి ఉన్నాడు. పాఠంలో ఉన్నవన్నీ ఉన్నాయి. పైగా ఏసోబు ఒకప్పుడు నిజంగానే తాగుబోతు. బాప్తిస్మం తీసుకున్నాక మానేశాడు. అతను మళ్లీ మొదలుపెట్టాడంటే నమ్మడానికి ఊళ్లో ఎవరికీ కష్టం లేదు.

నిజం దీనికి సరిగ్గా వ్యతిరేకం. శనివారం పనికి రానని చెప్పే కూలీకి రైతు శుక్రవారమే రెండు రోజుల పని అప్పగిస్తాడు. ఏసోబు మధ్యాహ్నం కూడా ఆగకుండా, ఎండలో, ఎదురుగాలిలో మందు కొట్టాడు. విశ్రాంతి దినం పాటించడానికే అలా చేశాడు.

విజయకుమార్ అతన్ని వెనక వరండాలో పడుకోబెట్టాడు. తడిసిన చొక్కా మీదే వేడినీళ్లలో ముంచిన తువ్వాళ్లు పరిచి, పైన దుప్పటి కప్పాడు. ఒంటి మీద మందు ఉన్నవాడికి వేడి తగిలితే అది చర్మంలోకి ఇంకా త్వరగా దిగుతుంది.

నేను పొద్దుగుంకే ముందు జీపులో తిరిగొచ్చాను. వరండాలో అడుగుపెట్టగానే ఘాటు వాసన కొట్టింది. ఏసోబు కనురెప్ప ఎత్తి చూస్తే కంటిపాప ఆవగింజంత ఉంది. తొడ కండరాలు తమంతట తాము అదురుతున్నాయి.

"ఇంత వాసన వస్తుంటే ఏమనుకున్నావు?" అని అడిగాను.

"సారా అనుకున్నాను మేడం. సారా వాసన ఎలా ఉంటుందో నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరూ తాగరు."

చొక్కా కత్తిరించి తీశాం. సబ్బుతో ఒళ్లంతా కడిగాం. విరుగుడుగా మా దగ్గర ఉన్న అట్రోపిన్ ఇచ్చాను. జీపులో వేసుకుని, సువార్తమ్మను కూడా ఎక్కించుకుని మళ్లీ గుంటూరు బయలుదేరాం. విజయకుమార్ అతని తల ఒక పక్కకు తిప్పి పట్టుకుని, నోట్లో చేరే చొంగ తుడుస్తూ కూర్చున్నాడు. పొలాల మధ్య రోడ్డు మీదే ఏసోబు ఊపిరి ఆగింది. బండి ఆగిన వెంటనే, గంటన్నర ముందే, సరైన వైద్యం మొదలై ఉంటే బతికేవాడా అని నన్ను చాలామంది అడిగారు. బతికే అవకాశం ఉండేది. దీన్ని మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఆసుపత్రికి వెళితే శవాన్ని కోస్తారని సువార్తమ్మ జీపు వెనక్కి తిప్పమంది. అదీగాక ఆ రోజుల్లో పురుగుమందుతో పోయాడంటే చావడానికి కావాలని తాగాడనే అనుకునేవారు. జీపులో ఆమె ఏడవలేదు. భర్త మొహం మీద చెంగు కప్పి నా వైపు చూసింది.

"నర్సమ్మగారూ, అక్కడ మీ పిల్లలు ఈయన తాగొచ్చాడనుకుంటున్నారు. గేటుకాడ వాచ్‌మన్ కూడా అన్నాడు, మళ్లీ మొదలెట్టాడా అని. తాగలేదని మీరు గుడిలో చెప్పించండి. నాకింకేం వద్దు."

డైరెక్టర్ గారి లెక్క

మర్నాడు సబ్బాతు. ఆరాధన అయ్యాక డైరెక్టర్ నన్ను పక్కకు పిలిచారు. "అతను పాత తాగుబోతు, సిస్టర్. ఊరంతటికీ తెలుసు" అన్నారు.

"నేను కళ్లు చూశాను సార్. చొక్కా పిండితే పురుగుమందు కారింది."

"మీరు డాక్టరా?"

"కాదు. చొక్కా పిండడానికి డాక్టరు అక్కర్లేదు."

ఆయన గొంతు తగ్గించారు. "వచ్చే నెల విదేశాల నుంచి మనకు డబ్బిచ్చేవాళ్లు శిక్షణ చూడడానికి వస్తున్నారు. మన విద్యార్థి చేతిలో ఒక మనిషి పోయాడని చెప్పుకుందామా? మూసేస్తారు. ఇంతమంది పిల్లల భవిష్యత్తు పోతుంది. మీకు కావలసింది అదేనా?"

కొత్తగా పనిలోకి వచ్చే పిల్లలు ఈ మాట గుర్తుపట్టడం నేర్చుకోవాలి. పై అధికారి తన భయాన్ని మీ బాధ్యతగా మార్చి మీ చేతిలో పెడతాడు. అది తీసుకుంటే మీరు ఇక అతని మనిషి.

ఏసోబుది తాగుడు చావని తేల్చారు. అతని సంఘ సభ్యత్వం రద్దుచేశారు. సమాధికి పాస్టరు రాలేదు. బంధువులు నలుగురూ ఒక పాట పాడి మట్టి వేశారు. సువార్తమ్మ అంతకుముందు సబ్బాతు బడిలో చిన్నపిల్లలకు పాటలు నేర్పేది. అది మాన్పించారు. విజయకుమార్‌ను నోరు మెదపవద్దని చెప్పి, తల్లికి ఒంట్లో బాగాలేదన్న మిషతో వేటపాలెం పంపేశారు. అతిథులు వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, మా పిల్లలు కాపడం ఎలా పెట్టాలో చేసి చూపించారు.

రాజీనామా ఎందుకు చేయలేదని మీరు అడగవచ్చు. నేను వెళ్లిపోతే ఆ కుర్చీలో డైరెక్టర్‌కు నచ్చినవాళ్లు కూర్చుంటారు. మరుసటి సీజనుకు మరో ఏసోబు వస్తాడు. ఉండి పాఠం మార్చడమే మంచిదని నిర్ణయించుకున్నాను. ఈ రోజుకీ అది సరైనదే అనుకుంటున్నాను.

పంపు మొయ్యడం

తర్వాతి బ్యాచి నుంచి మొదటి రోజు నేను బోర్డు మీద ఒకే మాట రాసేదాన్ని: మందు. దీనికి ఎన్ని అర్థాలో చెప్పమనేదాన్ని. జ్వరానికి వేసేది, పురుగుకు కొట్టేది, సీసాలోది, పండక్కి కాల్చేది అని అరిచేవాళ్లు. "మా నాన్నను అడగండి మేడం, ఆయనకు ఒకటే అర్థం" అని ఒక పిల్ల అంటే క్లాసంతా నవ్వింది. నవ్వనిచ్చేదాన్ని. తర్వాత ఏసోబు ఎలా పోయాడో పేరుతో సహా చెప్పేదాన్ని. ఆ తర్వాత ఎవరూ నవ్వేవారు కాదు.

మధ్యాహ్నం చేలోకి తీసుకెళ్లి ప్రతి ఒక్కరి వీపు మీదా పంపు ఎక్కించేదాన్ని. అందులో మంచినీళ్లే. ఎండలో సాళ్ల వెంట కాసేపు నడిస్తే చాలు, పంపు మూత కారి వీపు, నడుము, తొడలు తడుస్తాయి. గాలి తిరిగితే మొహం తడుస్తుంది. తిరిగొచ్చాక, "అవి నీళ్లు కాకపోతే?" అని మాత్రం అడిగేదాన్ని. పాఠం అంతే. మనిషి ఎవరైనా, ఏ కులమైనా, నిన్న ఏం తాగినవాడైనా, గేటు దగ్గర మొదటి ప్రశ్న ఏ మందు అన్నదే. తర్వాత బట్టలు తీయాలి, సబ్బుతో కడగాలి, కనుపాప చూడాలి, పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. బోధ ఏమైనా ఉంటే మనిషి లేచి కూర్చున్నాక.

డైరెక్టర్‌కు పాఠం మీద అభ్యంతరం లేదు. అప్పటికి చుట్టుపక్కల ఊళ్లలో అలాంటి కేసులు పెరిగాయి, మా పిల్లలు సమయానికి తెచ్చినవాళ్లు కొందరు బతికారు, దానివల్ల మాకు మంచి పేరు వచ్చింది. ఆయన అభ్యంతరం పేరు మీదే. "ఒక కూలీ అని చెప్పండి. ఏసోబు అని ఎందుకు?" అనేవారు. అలాగేనండీ అని ఒక్కసారి కూడా అనలేదు నేను.

రైతులతో కూడా మాట్లాడాను. శుక్రవారం మధ్యాహ్నం మావాళ్లతో మందు కొట్టించవద్దని అడిగితే ఒక పెద్ద రైతు, "శనివారం రారు, శుక్రవారం సగం రోజే వస్తారు, ఇక పిలవడం దేనికండీ?" అన్నాడు. అతన్ని నేను తప్పుపట్టలేదు. కూలీల శనివారాన్ని కాపాడడానికి మా సంఘం రైతుల దగ్గరకు ఒక్క మనిషినీ పంపలేదు. శనివారం పాటించమని బోధించడానికి మాత్రం వారం వారం పంపింది.

వెనక వరసకు వినపడలేదు

సువార్తమ్మ గుడి మానలేదు. ఆఖరి చాప మీద కూర్చునేది. కొత్త పాస్టరు వచ్చినప్పుడల్లా వెళ్లి అడిగేది: "అయ్యా, మా ఆయన తాగి చావలేదని ఒక్కసారి మైకులో చెప్పండయ్యా." ప్రార్థన చేద్దాం అమ్మా అని ప్రతి పాస్టరూ అన్నాడు. కుళాయి దగ్గర బిందె వరస కోసం తగువొస్తే చాలు, తాగి చచ్చినోడి పెళ్లానివి నువ్వా చెప్పేది అని అరిచేవారు. ఆమె బిందె తీసుకుని వెనక్కి వచ్చేసేది.

నా ఉద్యోగం ముగిసే సంవత్సరం నేను వేటపాలెం వెళ్లాను. విజయకుమార్ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు గ్రేడింగ్ చేస్తున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఆవిడ బాగున్నారా మేడం?"

"బాగాలేదు. నీకు తెలుసు ఎందుకో."

"వచ్చి నేనేం చెప్పను?"

"ఆమె ఏమందో చెప్పు. నువ్వేం విన్నావో చెప్పు."

వాళ్లమ్మ పక్కనే గింజలు కొడుతోంది. తల ఎత్తకుండా, "వెళ్లరా. ఆ కథ చెప్పి నన్ను ఇన్నేళ్లు ఏడిపించావు, అక్కడ చెప్పు" అంది.

అతను రెండు శనివారాల తర్వాత వచ్చాడు. మా గుడిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉండేది. ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. ఎవరూ అడ్డుపడరు. జ్వరం తగ్గిందని ఒకామె చెప్పింది, కొడుక్కి ఉద్యోగం వచ్చిందని ఒకాయన చెప్పాడు. తర్వాత విజయకుమార్ లేచాడు. డైరెక్టర్ వేదిక మీదే ఉన్నారు.

"నేను మేలు గురించి చెప్పడానికి రాలేదండీ. ఏసోబన్న నా చేతిలో పోయాడు. అన్న పురుగుమందు కొట్టి వచ్చాడు. సువార్తమ్మగారు సరిగ్గానే చెప్పారు, నాకు తెలియక తాగాడనుకున్నాను. సబ్బాతు పాడవకూడదని శుక్రవారం ఎండలో మందు కొట్టాడు అన్న. ఆయన తాగలేదు. ఈ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. చెప్పవద్దన్నారు."

ఆఖరి చాప మీద నుంచి సువార్తమ్మ లేచింది.

"ఏం కొట్టొచ్చాడని చెప్పాను నాయనా?"

"మందమ్మా."

"ఏ మందు?"

"పత్తికి కొట్టే మందు."

"ఇంకోసారి చెప్పు. వెనకాలోళ్లకు వినపళ్లా."

అతను మళ్లీ గట్టిగా చెప్పాడు. ఆమె చెంగు సర్దుకుని కూర్చుంది. డైరెక్టర్ లేచి పాట ప్రకటించారు. పాట మొదలైనా సగం మంది పాడలేదు.

ఆ తర్వాత కుళాయి దగ్గర ఆమెను ఎవరూ ఆ మాట అనలేదు. ఆమెకు దక్కింది అంతే. ఏసోబు సభ్యత్వం తిరిగి ఇవ్వలేదు. వేదిక మీద నుంచి ఏ పాస్టరూ ఆ మాట చెప్పలేదు. పోయిన వేసవిలో సువార్తమ్మ సమాధికి మాత్రం పాస్టరు వచ్చాడు. మంచి విశ్వాసి అన్నాడు. భర్త పేరు ఎత్తలేదు. నేను అక్కడే ఉన్నాను.

విజయకుమార్ చెప్పిన మరుసటి శనివారం సమయం చాలదని సాక్ష్యాలు ఆపారు. ఆ గుడిలో ఇప్పుడు సాక్ష్యాలు చెప్పించడం లేదు.